ఆమె కలిపిన కాలమ్

మా పాత ఆఫీసరు రిటైరవుతున్నాడనీ, సన్మాన పత్రం నేనే రాయాలనీ ఫోన్ వచ్చింది. చేసినవాడు నా తర్వాత నా కుర్చీలో కూర్చున్న గుమాస్తా.

"మీరైతే పుస్తకాలు చదివినోళ్ళు సార్. నాలుగు బరువైన మాటలు పడాలె. ఫ్రేము మేమే కట్టిస్తం. స్టేజీ మీద చదివేది గూడ మీరే" అన్నాడు.

వెంటనే సరే అన్నాను. బరువైన మాటలు నాకు సరిపడవని అతనికి తెలియదు. మా ఆఫీసులో పనిచేసిన అమ్మాయి చనిపోయి అప్పటికి ముప్పై తొమ్మిది రోజులైందన్న సంగతి కూడా అతనికి గుర్తున్నట్టు లేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఎందుకో చివర చెబుతాను.

మాది అడవి అంచున ఉన్న మండల ఆఫీసు. ఆమె అక్కడ ఔట్‌సోర్సింగ్ కంప్యూటర్ ఆపరేటర్. పుట్టిల్లు ఇల్లందు. పాల్వంచలో కిరాయి గదిలో ఉండేది. నేనూ పాల్వంచే కాబట్టి పొద్దున ఒకే బస్సు. ఆమె పని పేర్లు శుభ్రం చేయడం. ఊళ్ళ నుంచి వచ్చిన కాగితాలను ఎవరెవరో టైపు చేసి పంపేవారు. ఒక వరుసలో ఇంటిపేరు ముందుంటే ఇంకో వరుసలో వెనక ఉండేది. కొన్ని గడుల్లో పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోన్ నంబరు అన్నీ కలిసి ఒకటే ముద్ద. ఆ ముద్దను విడదీసి, ఎవరి ముక్కను వాళ్ళ గడిలో కూర్చోబెట్టాలి. ఒకసారి ఒకాయన పేరు ముందు 'కీ.శే.' అని ఉంది, పక్కనే ఫోన్ నంబరూ ఉంది. ఆమె ఆ నంబరుకే ఫోన్ చేసింది.

"తాతా, నువ్వు బతికే ఉన్నవా?"

"ఉన్న బిడ్డా. ఎందుకు?"

"ఏం లేదు. ఉండు."

ఫోన్ పెట్టేసి ఆ రెండక్షరాలూ తీసేసింది. ముఖంలో నవ్వు లేదు. గదిలో మిగతా అందరం నవ్వాం.

పని మొదలుపెట్టే ముందు ఆమె తప్పనిసరిగా ఒకటి చేసేది. ఫైలు తెరవగానే దానికి ఇంకో ప్రతి తీసి, 'అసలు కాపీ' అని పేరు పెట్టి, తేదీ వేసి, పక్కన దాచేది. ఆ తర్వాతే రెండో దానిమీద చెయ్యి వేసేది. ఎంత తొందర పనైనా, ఆఫీసరు నెత్తిమీద నిలబడ్డా సరే. "కడిగే ముందు కుండ ఎట్లున్నదో చూసి పెట్టుకోవాలె సార్. కడిగినంక పగిలిందంటే ఎవరు పగలగొట్టిన్రో తెలవాలె గద" అనేది.

గడి చివర కంటికి కనపడని ఖాళీలుంటాయి. ఒక ఖాళీ ఎక్కువైతే యంత్రానికి అదే మనిషి వేరే మనిషిలా కనిపిస్తాడు. ఆమె ఒక్కో గడి చివరికి వెళ్ళి, "ఇగో, ఈడొకడు దాక్కున్నడు" అని మీట నొక్కేది. ఒక వరుస పూర్తికాగానే ఆ పేరు పైకి చదివేది. ఇంటి ముందు నిలబడి పిలుస్తున్నట్టు చదివేది. మొదట్లో నాకు చిరాకేసింది.

"మనసులో చదువుకోరాదా అమ్మా?"

"మనసుల చదివితే ఎవరు పలుకుతరు సార్?"

ఆమెది కక్ష పెట్టుకునే స్వభావం. ఈ మాట చెడ్డగా చెప్పడం లేదు. ఎవరేమన్నారో, ఏ రోజున అన్నారో ఆమెకు గుర్తుండేది. "మర్చిపోతే మళ్ళ చేస్తరు సార్" అనేది. ఆఫీసులో అటెండరు ఒకాయన ఔట్‌సోర్సింగ్ వాళ్ళకు చాయ్ ఇచ్చేవాడు కాదు. "మీరు ఈ ఆఫీసోళ్ళు కాదు" అని మొహం మీదే అన్నాడు. ఏడాది తర్వాత తన కూతురి హాస్టల్ దరఖాస్తు పట్టుకుని ఆమె దగ్గరికే రావాల్సి వచ్చింది. ఆమె అతణ్ణి కూర్చోమనలేదు. ప్రతి గడీ అతని చేత పైకి చదివించింది. పిల్ల పేరు, తల్లి పేరు, తాత పేరు. ఒకసారి నింపి, మళ్ళీ చదివించింది. ముప్పావుగంట నిలబెట్టింది. దరఖాస్తులో ఒక్క పొరపాటు లేదు. పిల్లకు సీటు వచ్చింది.

"అట్ల నిలబెట్టడమెందుకమ్మా?" అన్నాను.

"పని చెడగొట్టిన్నా సార్? లేదు గద. కాళ్ళు గుంజినయి. గంతే. నా కసి తీరింది."

మర్నాటి నుంచి ఆమెకు చాయ్ వచ్చింది. ఆమె తాగలేదు.

పేర్ల విషయంలో ఆ పట్టుదల ఎక్కడిదో ఒకరోజు బస్సులో తెలిసింది. కిటికీ పక్కన కూర్చుని, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. వాళ్ళ నాన్న బొగ్గుబాయి కార్మికుడు. చిన్నప్పుడు పని దొరక్క, ఊరొదిలి వెళ్ళిపోయిన ఒకతని కాగితం మీద బాయిలో చేరాడు. బొగ్గుగని ఊళ్ళలో అప్పట్లో అది వింత కాదు. మారుపేరు మీద పనిచేసినవాళ్ళు వీధికొకరు ఉండేవారు. ఇంట్లో ఒక పేరు, బాయిలో ఒక పేరు. ఆయన జబ్బు చేసి పోయాక వారసుల ఉద్యోగానికి తల్లి తిరిగింది. కాగితాల మీద ఉన్న మనిషికి ఈమె భార్య కాదు.

"చచ్చిపోయినోడు వేరే అన్నరు సార్. మరి మా ఇంట్ల చచ్చిపోయింది ఎవరు అనడిగింది మా అమ్మ. ఎవరూ చెప్పలె."

కండక్టరు టికెట్టు అడగడంతో ఆ మాట అక్కడితో ఆగింది. ఆమె మళ్ళీ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఆ ఏడాది పోడు జాబితా వచ్చింది. అడవిలో తాతల నాటి నుంచి కొట్టుకుని దున్నుకుంటున్న చెలకలకు హక్కు పత్రాలిస్తామన్నారు. పేరు ఉన్నవాడికి పత్రం వస్తుంది. లేనివాడి చెలక అడవిగానే లెక్క. పైనుంచి వచ్చిన నమూనాలో రెండే కాలమ్‌లు, పేరు, ఊరు. తండ్రి పేరుకు చోటు లేదు.

వాగు దగ్గరి మూడు గూడేల పేర్లు చూడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఒకే పేరు రెండుసార్లు, మూడుసార్లు ఉంది. టైపు చేసినవాళ్ళ తప్పని నేననుకున్నాను. ఆమె అనుకోలేదు. శనివారం ఆఫీసు బండి అడిగితే ఆఫీసరు ఇవ్వలేదు. నా మోపెడ్ మీద వెళ్ళాం. వాగు దగ్గర బండి ఆపి నడిచాం.

ఆ గూడేల్లో ఇంటి పెద్ద చనిపోతే, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు ఆయన పేరు పెట్టుకుంటారు. కొడుకులు ముగ్గురుంటే ముగ్గురి ఇళ్ళలోనూ ఆ పేరు లేస్తుంది. ఇంటిపేరు, ఊరు ఎలాగూ ఒకటే. అలా మా జాబితాలో ముగ్గురు సోడి జోగయ్యలు. ముగ్గురూ వచ్చి మా ముందు వరుసగా కూర్చున్నారు.

"మరి మీల మీరు ఎట్ల పిలుచుకుంటరు?" అని ఆమె అడిగింది.

ఒకాయన పెళ్ళిళ్ళలో డోలు కొడతాడు, డోలు జోగయ్య. ఒకాయన ఇల్లు వాగుకు అవతల, వాగవతలి జోగయ్య. మూడో ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. పక్కనున్న ముసలమ్మ వాళ్ళ భాషలో ఏదో అంది, అందరూ పగలబడి నవ్వారు.

"ఏమన్నది?"

"ఎన్కట నాకు రేడియో ఉండె మేడం. అది పోయి పదేండ్లయింది. రేడియో మాత్రం నన్నిడుస్తలేదు" అన్నాడాయన.

ఆమె మోకాళ్ళ మీద కాగితం పెట్టుకుని సాయంత్రం దాకా రాసుకుంది. సోమవారం జాబితాలో మూడో కాలమ్ కలిపింది. దాని తల మీద 'గుర్తు' అని రాసింది. డోలు, వాగవతల, రేడియో, తేనె తీసేటాయన, మేకలామె. రెండు రోజులు ఆ వరుసలు పైకి చదువుతూనే ఉంది. ఆ రెండు రోజులూ నాకు చిరాకు రాలేదు.

జాబితా పంపే ఉదయం ఆమె సెలవులో ఉంది. తల్లికి బాగోలేక ఇల్లందు వెళ్ళింది. ఆఫీసరు ఆమె కుర్చీలో కూర్చుని నన్ను పిలిచాడు.

"ఏందండీ ఇది? రేడియో అంట, డోలు అంట! జాబితా రాయమంటే కథలు రాసిందా ఆ పిల్ల? ఫార్మాట్ అంటే ఫార్మాట్."

కాలమ్ తీసేశాడు. అది పోగానే ముగ్గురు జోగయ్యలూ అక్షరం తేడా లేకుండా ఒకటైపోయారు. తర్వాత ఒకే రకంగా ఉన్న వరుసలను తీసేసే మీట ఏదో వెతికి నొక్కాడు. తెర కింద పద్నాలుగు వరుసలు తొలగించినట్టు కనపడింది.

"చూసిన్రా? ఒక్క బటన్. ఆమె పది దినాలు కూసున్నది దీనికి. డేటా అంటే గిట్ల క్లీన్‌గ ఉండాలె" అన్నాడు.

నేను వెనక నిలబడి ఉన్నాను. ఆ పద్నాలుగు ఎవరో నాకు తెలుసు. వాళ్ళ గడపల్లో నీళ్ళు తాగి వచ్చాను. "సార్, వాళ్ళు వేరే మనుషులు" అన్నాను. నాకే సరిగా వినపడనంత మెల్లగా అన్నాను. ఆయన అప్పటికే పంపేశాడు. అందరికంటే ముందు పూర్తిచేసినందుకు జెండా పండగ రోజు ఆయనకు ప్రశంసా పత్రం ఇచ్చారు.

పత్రాలు పంచినప్పుడు జోగయ్యల్లో డోలు జోగయ్యకు మాత్రం వచ్చింది. అది నాది అంటే నాది అని అన్నదమ్ముల పిల్లలు ముగ్గురూ తగువుపడ్డారు. తర్వాత రేడియో జోగయ్య, వాగవతలి జోగయ్య ఆఫీసుకు వచ్చారు.

"మీకు వచ్చింది గదయ్యా. ఇగో, సోడి జోగయ్య" అని ఆఫీసరు తెర చూపించాడు.

"ఆడు మా పెదనాయిన కొడుకు సార్. నేను వేరే."

"ముగ్గురికీ ఒకటే పేరు పెట్టమని మీకెవరు చెప్పిన్రు?"

రేడియో జోగయ్య కాసేపు ఆలోచించాడు. నిజంగానే జవాబు కోసం అడుగుతున్నారనుకున్నాడు.

"తాత ఒక్కడే గద సార్" అన్నాడు.

విషయం పైదాకా పోవడంతో ఒక నోట్ కావలసి వచ్చింది. 'ఆపరేటర్ నిర్లక్ష్యం వలన పద్నాలుగు పేర్లు తొలగిపోయినవి. సదరు ఆపరేటర్‌ను విధుల నుండి తప్పించడమైనది.' ఆఫీసరు చెప్పాడు, నేను రాశాను. ఫైలు నా బల్ల మీదుగానే పోవాలి. కింద నా సంతకం ఉంది. ఈ పాటికి చదివేవాళ్ళకు నా మీద ఏ అభిప్రాయం కలిగి ఉంటుందో అది సరైనదే.

ఆమె ఆ నోట్ నిలబడే చదివింది. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మంచిగ రాసిన్రు సార్. ఒక్క తప్పు లేదు."

సంచిలోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసి నా ముందు పెట్టింది. మాత్రల చీటీ కాగితంలో చుట్టి, రబ్బరుబ్యాండు వేసి ఉంది.

"అసలు కాపీ. తేదీ ఉన్నది. గుర్తు కాలమ్ కలిపింది గూడ అండ్లనే ఉన్నది. మీ ఇంట్ల బీరువల పెట్టుర్రి."

"నాకెందుకమ్మా ఇది?"

"ఎప్పుడన్న మీకు కోపమొస్తే తియ్యిర్రి" అంది.

ఆ తర్వాత ఆమె పాల్వంచలో ఒక జిరాక్స్ దుకాణంలో చేరింది. గూడెం వాళ్ళు అక్కడికే వెళ్ళేవారు. పద్నాలుగు మందికీ ఆమే అర్జీలు రాసింది. అన్నీ తిరిగి వచ్చాయి. మొదటి జాబితాలో వీళ్ళ పేర్లు ఉన్నాయనడానికి రుజువు చూపమన్నారు. ఆ రుజువు నా బీరువాలో, మడతపెట్టిన స్వెటరు కింద ఉంది. ఒక్కసారి అడిగితే ఇచ్చేవాణ్ణి. ఆమె అడగలేదు. నేనే ఇవ్వాలని ఆమె ఉద్దేశం. అటెండరుకు ముప్పావుగంట. నన్ను రెండేళ్ళు నిలబెట్టింది.

ఆ రెండేళ్ళలో నేను రిటైరయ్యాను. బస్టాండులోనో, కూరగాయల బజారులోనో అప్పుడప్పుడు ఎదురుపడేది. నమస్కారం పెట్టి ఒకే ప్రశ్న అడిగేది.

"బీరువ మంచిగున్నదా సార్?"

"ఉందమ్మా" అనేవాణ్ణి.

"అవ్. మంచిగ సూసుకోర్రి. సెదలు పడుతయి."

అంతే, వెళ్ళిపోయేది. చివరిసారి చూసినప్పుడు కళ్ళు పచ్చగా ఉన్నాయి. దవాఖానాకు పొమ్మన్నాను. పోతానంది. బీరువా సంగతి అడగడం మాత్రం మానలేదు.

చావు కబురు విని ఇల్లందు వెళ్ళాను. ఇంటి ముందు అరుగు మీద తల్లి కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయి, వచ్చేవాళ్ళను ఊరికే చూస్తోంది. కాసేపటికి ముగ్గురు మనుషులు వచ్చారు. ఒకరి వెంట ఒకరు, దూరం దూరంగా. ఆ పత్రం వచ్చినప్పటి నుంచి వాళ్ళకు మాటల్లేవని నాకు తెలుసు. ముందాయన ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరయ్యా?" అంది తల్లి.

"జోగయ్యనమ్మా. గూడెం నుంచి వచ్చిన."

రెండో ఆయనా అదే చెప్పాడు. మూడో ఆయన కూడా. ఆ తల్లి వాళ్ళను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఒక్కొక్కరి ముఖమూ చూసింది.

"నువ్వు డోలా? చేతులు చూస్తే తెలుస్తున్నది. మీల రేడియో ఎవరు? వాగవతల ఎవరు?"

ముగ్గురూ తలలు వంచుకున్నారు. "నా బిడ్డ మీ పేర్లు అప్పజెప్పేది, అన్నం తినుకుంట" అంది తల్లి. డోలు జోగయ్య మిగతా ఇద్దరి భుజాల మీద చెయ్యి వేశాడు. వాళ్ళు చెయ్యి తియ్యలేదు. నేను అక్కడ ఉండలేక బయటికి వచ్చి బస్సెక్కాను.

ఇంటికి వెళ్ళి బీరువా తెరిచాను. స్వెటరుకు నిజంగానే ఒక మూల పురుగు పట్టింది. రబ్బరుబ్యాండు తీస్తుంటే తెగిపోయింది. మర్నాడు అసలు కాపీని కాగితం మీద తీయించి, నేను సంతకం చేసిన ఆ నోట్ అబద్ధమని నా చేత్తోనే రాసి, రెండూ జతచేసి పైఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఆ పద్నాలుగు పేర్లను తిరిగి విచారిస్తామన్నారు. రెండేళ్ళ కిందే ఇస్తే ఆమె బతికుండగానే విచారించేవారు.

సన్మాన పత్రం గురించి ఫోన్ వచ్చింది ఆ తర్వాతే. సరే అనడానికి నాకు ఆలోచన ఎందుకు అవసరం పడలేదో ఇప్పుడు తెలిసే ఉంటుంది.

సభ బాగా జరిగింది. శాలువాలు, దండలు, పులిహోర పొట్లాలు. వక్తలు ఆయన దయనూ సమర్థతనూ పొగిడారు. నా వంతు వచ్చింది. ఫ్రేము కట్టిన పత్రం అట్టపెట్టెలోనే ఉంది. లోపలేముందో కట్టినవాడు చదవలేదు, కట్టించినవాడూ చదవలేదు. ఆఫీసరు రెండు చేతులూ ముందుకు చాచి నిలబడ్డాడు.

చదివాను. "అయ్యా, తమరు ఒక్క బటన్‌తో పద్నాలుగు మందిని శుభ్రం చేశారు. వారు వీరు." తర్వాత పేర్లు మొదలుపెట్టాను. ఇంటిపేరు, పేరు, గుర్తు. ఆమె చదివినట్టే, ఇంటి ముందు నిలబడి పిలిచినట్టు చదివాను. మొదటి ఇద్దరికీ చప్పట్లు కొట్టారు. వేదిక మీదికి పిలుస్తున్న అతిథులనుకున్నారు. నాలుగో పేరుకు చప్పట్లు ఆగాయి. చాచిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

"ఏందిది?" అన్నాడు నాకు మాత్రం వినపడేలా.

"అసలు కాపీ సార్" అన్నాను మైకులోనే.

ఎవరో మైకు ఆపేశారు. అప్పటికి తొమ్మిది పేర్లయ్యాయి. ఫ్రేము ఆయన చేతుల్లో పెట్టి దిగి వచ్చాను. వెనక ఫోటోగ్రాఫరు అలవాటు కొద్దీ ఆ ఫోటో తీశాడు. ఆయన ముఖం ఆ ఫోటోలో ఎలా ఉందో నేను చూశాను. ఒక ప్రతి తీసుకుని దాచుకున్నాను. అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను. సంతోషంగానే ఉంటుంది.

మైకు ఆగిపోవడం వల్ల మిగిలిపోయిన ఐదు పేర్లు ఇక్కడ రాస్తున్నాను. చదివేవాళ్ళు పైకి చదవాలి.

కారం ముత్తమ్మ, ఇప్పచెట్టు ఇంటామె.
పాయం దేవమ్మ, మేకలామె.
మడివి ఉంగయ్య, తేనె తీసేటాయన.
సోడి జోగయ్య, రేడియో.
సోడి జోగయ్య, వాగవతల.

పత్రంలో పదిహేనో వరుస ఒకటుంది. అది ఆమెది. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాశాను. గుర్తు కాలమ్‌లో 'తప్పు ఈమెది కాదు' అని రాశాను. ఆ వరుస సభలో ఎవరూ వినలేదు. అద్దం వెనక ఉంది, ఆయన ఇంట్లో. ఇక్కడ ఆమె పేరు రాయకపోవడానికి కారణం అదే. దాన్ని ముందు ఆయన చదవాలి.